అడుగు వేటకు తగిన గాలపు రాడ్: తక్కువ ఖర్చులో ఎంపిక

పరిచయం

నది ఒడ్డునో, సముద్రం ఒడ్డునో గాలం వేసి చేపలు పట్టేవారిని మీరు చూసే ఉంటారు. కొందరు ఒక చెక్కముక్కకు నైలాన్ దారం చుట్టుకుని, చివర గాలం, సీసం గుండు కట్టి చేత్తోనే విసురుతారు. దీన్ని చేతి గాలం అంటాం. మరికొందరు పొడవాటి రాడ్‌కు రీలు బిగించి విసురుతారు. చేతి గాలంతో అలవాటైన వ్యక్తి మొదటిసారి రాడ్ కొనాలనుకున్నప్పుడు పెద్ద చిక్కు వస్తుంది. అన్ని రాడ్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ధరల్లో మాత్రం పదింతల తేడా కనిపిస్తుంది. దుకాణదారు పొడవు గురించో, రంగు గురించో, 'కార్బన్' అనే మాట గురించో చెబుతాడు. నిజానికి మనకు కావలసిన సమాచారం రాడ్ మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. దాన్ని చదవడం వస్తే తక్కువ డబ్బుతోనే మంచి రాడ్ దొరుకుతుంది. చదవకుండా కొంటే నెల తిరగకముందే రాడ్ విరిగి, కూడబెట్టిన డబ్బు నీళ్లపాలు కావచ్చు.

ఈ పాఠంలో ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా వెంట తీసుకువెళ్దాం. ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ సివిల్ సర్వీసుల శిక్షణ కేంద్రాలకు పేరుపొందిన ప్రాంతం. అక్కడ ఒక మెస్సులో వంటపని చేస్తూ, ఓపెన్ స్కూల్లో పదో తరగతి చదువుకుంటున్న తెలుగు యువకుడు ఒకరున్నారనుకుందాం. ఆయన సొంత ఊరు విశాఖపట్నం దగ్గరి భీమునిపట్నం. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ఆయన తండ్రి ఒడ్డు నుంచి చేతి గాలం వేస్తారు. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు తండ్రికి ఒక రాడ్ తీసుకువెళ్లాలని ఈ యువకుడి కోరిక. చేతిలో ఉన్నది 3,000 రూపాయలు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రానికి పనికివచ్చే రాడ్‌ను ఎలా ఎంచుకోవాలి?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అడుగు వేట అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• రాడ్ మీది అంకెలను చదివి, అది మీ పనికి సరిపోతుందో లేదో తేల్చగలుగుతారు.
• ఉప్పునీటికి తట్టుకునే భాగాలను గుర్తించగలుగుతారు.
• ఉన్న డబ్బును రాడ్, రీలు, దారం మధ్య సరిగా పంచగలుగుతారు.
• గాలం వేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను పాటించగలుగుతారు.

1. అడుగు వేట అంటే ఏమిటి?

కొన్ని చేపలు నీటి పైభాగంలో తిరుగుతాయి. కొన్ని అడుగున, ఇసుక మీదా రాళ్ల మధ్యా మేత వెతుక్కుంటాయి. జెల్లలు, టేకు చేపలు అడుగున తిరిగేవే. నదీ ముఖాల దగ్గర దొరికే పండుగప్ప కూడా అడుగున పెట్టిన ఎరను పట్టుకుంటుంది. ఇలాంటి చేపల కోసం ఎరను అడుగుకు దించి, అక్కడే నిలిపి ఉంచడాన్ని అడుగు వేట అంటాం.

ఎరను అడుగున నిలిపేది సీసం గుండు. నీటి ప్రవాహం, అలలు దారాన్ని పక్కకు లాగుతూ ఉంటాయి. గుండు తేలికైతే ఎర కొట్టుకుపోతుంది. ప్రవాహం ఎంత బలంగా ఉంటే గుండు అంత బరువుగా ఉండాలి. కాబట్టి ఈ పాఠంలోని మొదటి సూత్రం ఇది: ముందు గుండు బరువు తేల్చుకోవాలి, ఆ తరువాతే రాడ్ కొనాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు రాడ్ కొని, దానికి మోయలేని గుండు కడతారు.

గుండు బరువు తెలుసుకోవడం కష్టం కాదు. ఇప్పుడు చేతి గాలానికి కడుతున్న గుండు అడుగున నిలుస్తోందా? అయితే దాన్ని కూరగాయల దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా మీద తూయండి. మన ఉదాహరణలోని యువకుడు తండ్రికి ఫోన్ చేసి ఇదే పని చేయించారనుకుందాం. గుండు 85 గ్రాములు, ఎర 15 గ్రాములు వచ్చాయి. మొత్తం 100 గ్రాములు. ఇక వెతకవలసింది ఈ 100 గ్రాములను సులువుగా విసరగల రాడ్‌ను.

2. రాడ్ అవసరమేనా?

డబ్బు ఖర్చు చేసే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. పడవలో కూర్చుని నేరుగా కిందికి గాలం దించేవారికి చేతి గాలం చాలావరకు సరిపోతుంది. మన తీరంలో ఎందరో మత్స్యకారులు ఇప్పటికీ అలాగే వేటాడతారు. రాడ్ వల్ల మూడు లాభాలు ఉన్నాయి. ఒకటి, ఒడ్డు నుంచి గుండును ఎక్కువ దూరం విసరవచ్చు. రెండు, చేప గుంజినప్పుడు రాడ్ వంగి ఆ కుదుపును తగ్గిస్తుంది. మూడు, రీలులో 'డ్రాగ్' అనే బిగింపు ఉంటుంది. చేప గట్టిగా లాగినప్పుడు అది కొంత దారాన్ని వదులుతుంది. అందువల్ల దారం తెగదు, చేయి కోసుకుపోదు. ఒడ్డు నుంచి వేటాడేవారికి ఈ మూడూ ఉపయోగమే.

3. స్పిన్నింగ్ రాడ్‌ను గుర్తించడం

రీలు రాడ్‌కు కింద వేలాడుతూ ఉంటే అది స్పిన్నింగ్ రాడ్. దాని ఉంగరాలు కూడా కింది వైపే ఉంటాయి. దారం రీలు నుంచి చుట్లు చుట్లుగా బయటికి వస్తుంది కాబట్టి రీలుకు దగ్గరి ఉంగరం పెద్దగా, కొన వైపు పోనుపోను చిన్నగా ఉంటాయి. దీన్ని వాడటం తొందరగా నేర్చుకోవచ్చు. కొత్తవారికి ఇది అనువైనది.

4. రాడ్ మీది అంకెలను చదవడం

పిడికి కొంచెం పైన, రాడ్ మీద చిన్న అక్షరాలతో ఒక వరుస ముద్రించి ఉంటుంది. అందులో సాధారణంగా మూడు సంగతులు ఉంటాయి. ఒక రాడ్ మీద ఇలా ఉందనుకుందాం:

పొడవు 2.70 మీటర్లు – కాస్టింగ్ వెయిట్ 60–120 గ్రాములు – లైన్ 15–30 పౌండ్లు

మొదటి అంకె పొడవు. 2.70 మీటర్లంటే దాదాపు 9 అడుగులు.

రెండవది విసిరే బరువు. ఈ రాడ్ 60 గ్రాముల నుంచి 120 గ్రాముల వరకు విసరడానికి తయారైంది. బరువు 60 కన్నా తగ్గితే రాడ్ సరిగా వంగదు, గుండు దూరం పోదు. 120 దాటితే విసిరేటప్పుడే విరగవచ్చు. గుండు బరువు ఒక్కటే కాదు, ఎర బరువు కూడా కలిపి లెక్కించాలి. మన 100 గ్రాములు ఈ హద్దుల మధ్యనే ఉన్నాయి. పై హద్దుకు ఇంకా 20 గ్రాముల వెసులుబాటు కూడా ఉంది. ఇది తగిన రాడ్.

మూడవది దారం బలం. దీన్ని తరచు పౌండ్లలో రాస్తారు. పౌండ్లకు గుర్తుగా 'ఎల్', 'బి' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఒక పౌండు అంటే దాదాపు 0.45 కిలోగ్రాములు. 20 పౌండ్ల దారం అంటే 20 × 0.45 = 9 కిలోల లాగుడుకు తెగే దారం. రాడ్ మీద రాసినదానికన్నా చాలా బలమైన దారం వాడితే దారం తెగకముందే రాడ్ విరుగుతుంది. దారం తెగితే నష్టం కొద్ది రూపాయలే. రాడ్ విరిగితే నష్టం ఎంతో మీకు తెలుసు.

గ్రాములకు బదులు 'ఔన్సు' అని రాసి ఉంటే దాన్ని 28తో గుణించండి. 4 ఔన్సులు అంటే 4 × 28 = 112 గ్రాములు.

గుర్తుంచుకోండి: ఈ అంకెలేవీ లేని రాడ్‌ను, ఎంత చవకగా ఇచ్చినా, కొనకండి.

పాఠ్యగత ప్రశ్నలు – 1

1. అడుగు వేటలో రాడ్ కన్నా ముందు దేని బరువు తేల్చుకోవాలి? ఎందుకు?
2. గుండు 70 గ్రాములు, ఎర 20 గ్రాములు. రాడ్ మీద 30–80 గ్రాములు అని ఉంది. ఈ రాడ్ సరిపోతుందా?
3. 30 పౌండ్ల దారం సుమారు ఎన్ని కిలోల లాగుడుకు తెగుతుంది?

5. పొడవు ఎంత ఉండాలి?

పొడవు ఎక్కువైతే మంచిదని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. పొడవాటి రాడ్‌తో దూరం విసరవచ్చు, ఒడ్డున విరిగే అలల మీదుగా దారాన్ని ఎత్తి పట్టుకోవచ్చు. కానీ చేపను లాగేటప్పుడు అదే పొడవు మనకు భారమవుతుంది.

సైన్సు పాఠాల్లో తులాదండం గురించి చదివారు కదా! రాడ్ కూడా ఒక తులాదండమే. దాని మొదలు పొట్టకు ఆనించి, అక్కడి నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో చేత్తో పట్టుకున్నారనుకోండి. రాడ్ పొడవు 180 సెంటీమీటర్లు (6 అడుగులు) అయితే, 180 ÷ 60 = 3. అంటే కొన దగ్గర చేప 1 కిలో బలంతో అడ్డంగా లాగితే మీ చేయి 3 కిలోల బలం పెట్టాలి. 270 సెంటీమీటర్ల (9 అడుగుల) రాడ్ అయితే 4.5 కిలోలు. 360 సెంటీమీటర్ల (12 అడుగుల) రాడ్ అయితే 6 కిలోలు. రాడ్ వంగినప్పుడు ఈ భారం కొంత తగ్గుతుంది, కానీ సూత్రం మారదు.

అందువల్ల నిలబడే చోటును బట్టి పొడవును ఎంచుకోవాలి:
• పడవ నుంచి నేరుగా కిందికి దించడానికి: 6 నుంచి 7 అడుగులు.
• జెట్టీ, వంతెన, గోడ మీది నుంచి: 7 నుంచి 9 అడుగులు.
• ఇసుక ఒడ్డు నుంచి విసరడానికి: 9 నుంచి 12 అడుగులు.

మన ఉదాహరణలోని తండ్రి ఒడ్డు నుంచి వేస్తారు, వయసులో పెద్దవారు. ఆయనకు 9 అడుగులు చాలు. పైగా రెండు ముక్కలుగా విడిపోయే 9 అడుగుల రాడ్‌ను విప్పితే నాలుగున్నర అడుగులే. రైలులో తీసుకువెళ్లడం సులువు.

ఒకదానిలో ఒకటి దూరే 'టెలిస్కోపిక్' రాడ్లు ఇంకా చిన్నగా ముడుచుకుంటాయి. అవి ప్రయాణానికి బాగుంటాయి. కానీ కీళ్లు ఎక్కువ, వాటిలో ఇసుక ఇరుక్కుంటుంది, కొన ముక్క సన్నగా ఉంటుంది. బరువైన గుండుతో చేసే అడుగు వేటకు చవకరకం టెలిస్కోపిక్ రాడ్ తగదు.

6. గాజునారా, కార్బనా?

రాడ్లను ముఖ్యంగా రెండు పదార్థాలతో చేస్తారు. గాజునారతో (ఫైబర్ గ్లాస్) చేసిన రాడ్ బరువుగా ఉంటుంది, బాగా వంగుతుంది, రాళ్లకు తగిలినా త్వరగా పాడుకాదు. కార్బన్ రాడ్ తేలికగా, బిగువుగా ఉంటుంది. చేప చిన్నగా కొరికినా చేతికి తెలుస్తుంది. కానీ గట్టి దెబ్బ తగిలితే పైకి కనిపించని పగులు ఏర్పడి, తరువాత ఎప్పుడో హఠాత్తుగా విరుగుతుంది. రెండింటినీ కలిపి చేసిన రాడ్లు కూడా ఉన్నాయి.

తక్కువ డబ్బుతో, రాళ్లున్న తీరంలో, అడుగు వేట కోసం కొనేవారికి గాజునార రాడ్, లేదా రెండూ కలిసిన రాడ్ మేలు. చవక రాడ్ మీద 'కార్బన్' అనే మాట కోసం అదనంగా డబ్బు ఇవ్వనవసరం లేదు.

ఇంకొక ముఖ్య విషయం: కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. కరెంటు తీగల కింద దాన్ని ఎత్తకూడదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఏ రాడ్‌తోనూ ఒడ్డున నిలబడకూడదు.

7. ఉప్పునీరు ఎక్కడ దెబ్బ తీస్తుంది?

గాజునారకు, కార్బన్‌కు తుప్పు పట్టదు. తుప్పు పట్టేవి ఉంగరాలు, రీలు సీటులోని ఇనుప భాగాలు. డబ్బు పెట్టవలసింది ఇక్కడే.

ఉంగరాలు: ఉంగరం చట్రం స్టెయిన్‌లెస్ స్టీలుతో ఉండటం మంచిది. మామూలు ఇనుముకు పైపూత వేస్తే, ఆ పూత గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. చట్రం లోపల నున్నని పింగాణీ వంటి వలయం ఉంటుంది. దారం దాని మీదుగానే జారుతుంది. ఆ వలయంలో చిన్న పగులున్నా దారాన్ని కోసేస్తుంది.

రీలు సీటు: రీలును బిగించే మర సాఫీగా తిరగాలి. బిగించాక రీలు అటూ ఇటూ కదలకూడదు.

పిడి: నురుగు రబ్బరు పిడి ఉప్పునీటికి బాగా తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ.

8. కొనే ముందు ఐదు పరీక్షలు

1. రాడ్‌ను కంటి ముందు పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చూడండి. కర్ర తిన్నగా ఉండాలి. ఉంగరాలన్నీ ఒకే వరుసలో ఉండాలి.
2. చిన్న దూదిముక్కను ఒక్కొక్క ఉంగరంలో తిప్పండి. దూది పోగులు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే.
3. రెండు ముక్కలను కలిపి మెల్లగా ఊపండి. కీలు దగ్గర టకటకమని చప్పుడు రాకూడదు.
4. దారం ఎక్కించి, దాని చివరను ఒకరిని పట్టుకోమని, మీరు మెల్లగా రాడ్‌ను వంచండి. వంపు కొన నుంచి మధ్యకు సాఫీగా రావాలి. చిటపట శబ్దం వినిపిస్తే ఆ రాడ్ వద్దు.
5. రీలు బిగించి పది నిమిషాలు చేత్తో పట్టుకోండి. చేయి నొప్పి పుడితే, రేపు రెండు గంటలు పట్టుకోవలసినవారి గురించి ఆలోచించండి.

ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్షలు ముందుగా చేసే వీలు లేదు. అప్పుడు విసిరే బరువు, దారం బలం, ముక్కల సంఖ్య, తిరిగి ఇచ్చే గడువు చదివి ఆర్డరు ఇవ్వండి. పెట్టె విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. వెంటనే ఐదు పరీక్షలూ చేయండి. బిల్లు దాచుకోండి. లోపం ఉండి, అమ్మినవారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోట, లేదా పనిచేసే చోట కూడా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఢిల్లీలో పనిచేసేవారు దీని కోసం సొంత ఊరికి పోనక్కర లేదు.

9. డబ్బును పంచుకోవడం

రాడ్ ఒక్కటే కొంటే వేట సాగదు. 3,000 రూపాయలను ఇలా పంచుకోవచ్చు:

రాడ్ – 1,300
రీలు – 1,200
దారం, గాలాలు, గుండ్లు, ముడికీళ్లు – 350
దెబ్బతినే వస్తువుల కోసం నిల్వ – 150
మొత్తం – 3,000

ఇది ఒక నమూనా మాత్రమే. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. గమనించవలసింది నిష్పత్తి. రాడ్ మీదే మొత్తం ఖర్చు పెట్టి నాసిరకం రీలు కొంటే, ఉప్పునీటిలో ముందుగా ఆగిపోయేది రీలే. మొదట్లో నైలాన్ దారం చాలు. అది చవక, కొంత సాగుతుంది కాబట్టి కుదుపును ఓర్చుకుంటుంది. అల్లిన దారం ఖరీదైనది, చవకరకం ఉంగరాలను కోసి గాడి పెట్టగలదు కూడా.

పాఠ్యగత ప్రశ్నలు – 2

4. పడవ నుంచి వేటకు పొట్టి రాడ్ ఎందుకు మేలు?
5. ఉప్పునీటి వల్ల రాడ్‌లో ఏ భాగాలకు తుప్పు పడుతుంది?
6. దూదితో చేసే పరీక్ష వల్ల ఏం తెలుస్తుంది?

10. వాడకంలో జాగ్రత్తలు

దారాన్ని చేతికి చుట్టుకోవద్దు. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకు వెళ్లిన పడవలో, గాలానికి చిక్కిన పెద్ద కొమ్ముకోనెం చేప లాగడంతో ఒక మత్స్యకారుడు సముద్రంలో పడి గల్లంతయ్యారు. పెద్ద చేప బలం ముందు మనిషి బలం చాలదు. రీలులోని డ్రాగ్ ఇలాంటి సమయంలోనే అక్కరకు వస్తుంది. దారం బలంలో మూడో వంతుకు డ్రాగ్ జారేలా బిగించండి. 20 పౌండ్ల దారం అంటే 9 కిలోలు. దానిలో మూడో వంతు 3 కిలోలు. దారం చివర స్ప్రింగ్ కాటా కట్టి లాగితే ఈ బిగింపు సరిచూసుకోవచ్చు.

గుండుకు ముందు మందపాటి దారం కట్టండి. విసిరేటప్పుడు దారం తెగితే గుండు తూటాలా దూసుకుపోతుంది. ప్రతి 28 గ్రాముల గుండుకు 10 పౌండ్ల బలం చొప్పున లెక్కించండి. 85 గ్రాముల గుండుకు సుమారు 30 పౌండ్ల దారం కావాలి. ఇది రాడ్ పొడవుకు రెండింతలు ఉండి, రీలు మీద కూడా కొన్ని చుట్లు పడాలి. విసిరే ముందు వెనక్కి తిరిగి మనుషులెవరూ లేరని చూసుకోండి.

గాలం రాళ్లలో చిక్కుకుంటే రాడ్‌తో గుంజవద్దు. రాడ్‌ను దారం వైపే తిన్నగా ఉంచి, రీలు చుట్టను చేత్తో అదిమి పట్టి, మెల్లగా వెనక్కి నడవండి. చేపను కూడా రాడ్‌తో గాలిలోకి ఎత్తవద్దు. వల బుట్టతో అందుకోండి, లేదా అల సాయంతో ఒడ్డుకు లాగండి.

జెల్ల చేప రెక్కల ముళ్లు, టేకు చేప తోక ముల్లు విషపూరితమైనవి. గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తరువాత తప్పక ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటికి రాగానే రాడ్‌ను, రీలును మంచినీటితో మెల్లగా కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టండి. ఈ ఐదు నిమిషాల పని రాడ్ ఆయుష్షును ఏళ్లకు ఏళ్లు పెంచుతుంది.

మీరు ఏం నేర్చుకున్నారు?

• ముందు గుండు, ఎర కలిపిన బరువు తూచాలి. ఆ బరువు రాడ్ మీద రాసిన హద్దుల మధ్య ఉండాలి.
• నిలబడే చోటును బట్టి పొడవును ఎంచుకోవాలి. ఎక్కువ పొడవు ఎక్కువ భారం.
• తక్కువ డబ్బున్నప్పుడు పేరుకు కాక, ఉంగరాలకు, రీలు సీటుకు విలువ ఇవ్వాలి.
• డ్రాగ్‌ను దారం బలంలో మూడో వంతుకు బిగించాలి. దారాన్ని చేతికి చుట్టుకోకూడదు.

పాఠ్యాంత అభ్యాసం

మీ ఊళ్లో గాలం వేసే ఒకరిని కలవండి. వారు వాడే గుండు బరువు, నిలబడే చోటు అడిగి తెలుసుకోండి. వారికి తగిన రాడ్ పొడవు, విసిరే బరువు, దారం బలం ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం పట్టుకుని ఎవరైనా ఏ దుకాణానికైనా ధైర్యంగా వెళ్లవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. సీసం గుండు బరువు. ఎరను అడుగున నిలిపేది అదే. రాడ్ దాన్ని మోయగలగాలి.
2. సరిపోదు. మొత్తం 90 గ్రాములు, పై హద్దు 80 గ్రాములే.
3. 30 × 0.45 = 13.5 కిలోలు.
4. పడవ నుంచి దూరం విసరనక్కర లేదు. పొట్టి రాడ్‌తో చేతి మీద భారం తక్కువ.
5. ఉంగరాల చట్రాలకు, రీలు సీటులోని ఇనుప భాగాలకు.
6. ఉంగరం లోపలి వలయంలో పగులు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.